డిసెంబర్‌లో ఆరుగురం, ఒకే వ్యాన్: ఇటలీలో అబ్రుత్సో, మార్కె, ఉంబ్రియా ప్రాంతాల చిన్న ఊళ్ళ ప్లాన్ చూసి చెప్పండి

కృష్ణాతీరం (ప్రశ్న):

అందరికీ నమస్కారం. డిసెంబర్ 20 మధ్యాహ్నం రోమ్ ఫియుమిచీనో ఎయిర్‌పోర్టులో దిగుతున్నాం. 31న అక్కడి నుంచే తిరుగు ప్రయాణం. నేను, మా ఆవిడ, అమ్మానాన్న, తొమ్మిదేళ్ళ బాబు, మూడేళ్ళ పాప. అమ్మకు మోకాళ్ళ నొప్పులు, మెట్లు ఎక్కువ ఎక్కలేదు. అమ్మానాన్న గుడ్డు కూడా ముట్టరు.

రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్ వద్దనుకున్నాం. ఇప్పటికి గీసుకున్న దారి ఇది: దిగిన రోజే లాక్విలా, తర్వాత సాంతో స్తెఫానో ది సెస్సానియో, సుల్మోనా, స్కాన్నో, ఆస్కొలి పిచేనో, ఫాబ్రియానో, గుబ్బియో, స్పెల్లో, చివ్వితా ది బాన్యోరేజో, ఒర్వియేతో. దాదాపు రోజుకో ఊళ్ళో బస. సెవెన్ సీటర్ బుక్ చేద్దామని చూస్తున్నాను. నా దగ్గర తెలంగాణ లైసెన్సు ఉంది, మంచులో ఎప్పుడూ నడపలేదు.

అడగదలచుకున్నవి: ఈ దారి డిసెంబర్‌లో కుదురుతుందా? బండి ఏది తీసుకోవాలి? టైర్లు, చైన్ల సంగతేమిటి? తిండికి ఎలా?

—

ఘాట్‌రోడ్ (జవాబు):

ముందు బండి సంగతి. సెవెన్ సీటర్ వద్దండి. మూడో వరస సీట్లు లేపితే వెనక రెండు చేతిసంచులు తప్ప ఏమీ పట్టవు. ఆరుగురికి, చలికోట్లతో, నాలుగు పెద్ద పెట్టెలకు తక్కువ ఉండవు. తొమ్మిది సీట్ల వ్యాన్ తీసుకోండి, రెనో ట్రాఫిక్, ఫోర్డ్ ట్రాన్సిట్ కస్టమ్, మెర్సిడెస్ వీటో లాంటివి. డ్రైవర్‌తో కలిపి తొమ్మిది మంది వరకు మామూలు కారు లైసెన్సే చాలు. పొడవు 5 మీటర్లకు పైన, అద్దాలతో కలిపి వెడల్పు 2 మీటర్లు దాటుతుంది, ఎత్తు 2 మీటర్లకు దగ్గర. అండర్‌గ్రౌండ్ పార్కింగ్ ముందు ఎత్తు బోర్డు చూడకుండా దిగొద్దు. పాత ఊళ్ళ గోడల లోపలికి ఈ బండి తీసుకెళ్ళే ఆలోచనే పెట్టుకోకండి. ఆటోమేటిక్ కావాలంటే ఇప్పుడే బుక్ చేయాలి, వ్యాన్లలో అవి తక్కువ.

కాగితాలు: లైసెన్సుతో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తప్పనిసరి. పరివాహన్ సైట్‌లో దరఖాస్తు పెట్టి ఆర్టీవో ఆఫీసులో తీసుకోవచ్చు, ఏడాదే చెల్లుతుంది. పర్మిట్ ఒక్కటి చూపిస్తే చెల్లదు, అసలు లైసెన్సు కూడా చేతిలో ఉండాలి. డిపాజిట్‌కి క్రెడిట్ కార్డు అడుగుతారు, అది నడిపేవారి పేరు మీదే ఉండాలి. భార్య కార్డు, భర్త డ్రైవింగ్ అంటే చాలా కౌంటర్లలో బండి ఇవ్వరు.

పిల్లల సీట్లు: 150 సెంటీమీటర్ల లోపు ఎత్తున్న పిల్లలందరికీ చట్టప్రకారం కావాలి. పాపకి బెల్టులున్న సీటు, బాబుకి బూస్టర్. నాలుగేళ్ళ లోపు పిల్లల సీటుకి, బిడ్డను బండిలో మరిచిపోతే మోగే అలారం పరికరం కూడా 2019 నుంచి అక్కడ తప్పనిసరి. సీటు బుక్ చేసేటప్పుడే దాని గురించి అడగండి.

టైర్లు. నవంబర్ 15 నుంచి ఏప్రిల్ 15 వరకు చాలా రోడ్ల మీద వింటర్ టైర్లైనా ఉండాలి, బండిలో చైన్లైనా ఉండాలి. నీలం బోర్డు మీద చైను చుట్టిన టైరు బొమ్మ కనిపిస్తే ఆ నిబంధన అక్కడి నుంచి మొదలు. మీరు వెళ్ళే ఏ24, ఏ25 హైవేల కొండదారులు దాని కిందికే వస్తాయి. రోమ్‌లో ఇచ్చే బండికి వింటర్ టైర్లు ఉంటాయని అనుకోవద్దు. బుకింగ్‌లో విడిగా అడిగి రాయించుకోండి. తాళం తీసుకునే ముందు టైరు పక్కగోడ చూడండి. మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచురేకు బొమ్మ ఉంటే అది అసలైన వింటర్ టైరు. ఉత్త ఎం ప్లస్ ఎస్ అక్షరాలుంటే చట్టానికి సరిపోతుంది గానీ గడ్డకట్టిన మంచు మీద అంత పట్టు ఉండదు.

చైన్లు కూడా అడిగి తీసుకోండి. అన్నింటికన్నా ఎక్కువ తప్పు జరిగేది ఇక్కడే, డిక్కీలో పెట్టిచ్చిన పెట్టె వేరే సైజుది అయి ఉంటుంది. టైరు పక్కగోడ మీద 215/65 ఆర్16 లాంటి అంకె ఉంటుంది. అదే అంకె చైన్ల పెట్టె మీది జాబితాలో ఉండాలి. వదులైన చైను తిరుగుతూ బ్రేకు గొట్టాన్ని కోసేస్తుంది. చైన్లు వేయాల్సింది ఇంజన్ తిప్పే చక్రాలకి. చాలా వ్యాన్లకి అవి ముందువే, వీటోల్లో మాత్రం వెనక చక్రాలు తిరిగేవి కూడా ఉన్నాయి, కౌంటర్‌లో అడగండి.

వేసే పద్ధతి, మొదటి రోజే పొడి పార్కింగ్ స్థలంలో ఒక్కసారి చేసి చూడండి:

సమతలంగా ఉన్న చోట ఆపి హ్యాండ్‌బ్రేక్ వేయండి. చైను నేల మీద పరిచి మెలికలు తీయండి. రంగు తీగ వలయాన్ని చక్రం వెనక నుంచి పాములా జొప్పించి, రెండు కొసలూ పైకి లాగి టైరు నెత్తి మీద కలపండి. ఆ తీగను టైరు లోపలి వైపుకి నెట్టేయండి. ఇప్పుడు బయటి వైపు కొక్కెం తగిలించి, కింద వేలాడే చైనును లాక్ లోంచి లాగి బిగించి, మిగిలిన కొసను మళ్ళీ చైనుకే తగిలించండి. 50 నుంచి 100 మీటర్లు మెల్లగా నడిపి, దిగి, మళ్ళీ బిగించాలి. ఈ రెండో బిగింపు వదిలేస్తేనే చైన్లు ఊడేది. వేగం 50 దాటొద్దు. మంచు అయిపోయి నల్ల తారు కనబడగానే తీసేయండి, లేకపోతే తారు మీద కొట్టుకుని తెగుతాయి. రబ్బరు గ్లవుజులు ఒక జత, మోకాళ్ళ కింద వేసుకోవడానికి పాత పట్టా ఒకటి ఉంచుకోండి.

అద్దం నీళ్ళు: వైపర్ ట్యాంకులో మామూలు నీళ్ళుంటే రాత్రికి గడ్డకట్టి పైపు మూసుకుపోతుంది. పెట్రోల్ బంకులో గడ్డకట్టని ద్రవం అమ్ముతారు, మొదటి రోజే పోయండి. పొద్దున అద్దం మీద పేరుకున్న మంచుకి వేడినీళ్ళు పోస్తే గాజు పగులుతుంది. ప్లాస్టిక్ గీకుడు పలక వాడండి.

ఇంకొకటి. మనకు ఎడమ, అక్కడ కుడి. ట్రాఫిక్‌లో పొరపాటు రాదు, ముందున్న బండి వెనకే పోతాం. ఖాళీ రోడ్డు మీద పెట్రోల్ బంకు నుంచో టీకి ఆగిన చోటి నుంచో బయటికి తిప్పేటప్పుడే చెయ్యి పాత అలవాటుకి పోతుంది. పక్క సీట్లో కూర్చున్నవారు ప్రతిసారీ "కుడి" అని పైకి అనడం నియమంగా పెట్టుకోండి.

—

నవెల్లి_దారి (జవాబు):

దారి గురించి నేను రాస్తాను. మీ జాబితాలో ఊళ్ళన్నీ మంచివే, రోజుకో బస అన్నదే పొరపాటు. డిసెంబర్ చివర్లో సాయంత్రం నాలుగు ముప్పావు లోపే పొద్దు గూకుతుంది. పొద్దున తొమ్మిది దాకా నీడ పడే మలుపుల్లో, వంతెనల మీద కంటికి కనిపించని మంచుపొర ఉంటుంది. అంటే కొండదారిలో నడపడానికి పది నుంచి మూడున్నర వరకే సమయం. అందులో పెట్టెలు సర్దడం, గది వెతకడం పెట్టుకుంటే ఊరు చూసేది ఎప్పుడు? పడుకునేది పల్లపు ఊళ్ళో, కొండ ఊరికి మధ్యాహ్నం వెళ్ళి రావడం. ఈ సూత్రంతో మీ ప్లాన్‌ని మళ్ళీ పేరుస్తున్నాను.

20 రాత్రి ఫియుమిచీనోలోనే ఉండండి. రాత్రంతా విమానంలో కూర్చుని, చీకట్లో, తెలియని బండితో కొండెక్కడం వద్దు.

21, 22, 23 రాత్రులు సుల్మోనా. ఏ24 మీదుగా వెళ్ళి ఏ25 పట్టుకుని ప్రాతొలా పెలీన్యా–సుల్మోనా ఎగ్జిట్‌లో దిగండి, రెండు గంటల పైచిలుకు. ఊరు 400 మీటర్ల ఎత్తులోనే ఉంది, నడివీధి దాదాపు చదును, అమ్మగారు హాయిగా నడవగలరు. రోమన్ కవి ఓవిడ్ పుట్టిన ఊరు. గారిబాల్ది చౌకు పక్కన 13వ శతాబ్దపు రాతి నీటికాలువ కమానులు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. వీధి పొడవునా దుకాణాల ముందు రంగురంగుల పూలగుత్తులు కనిపిస్తాయి. దగ్గరికి వెళ్ళి చూస్తే ప్రతి రేకూ చక్కెర పూత పూసిన బాదం గింజ, రంగు కాగితంలో చుట్టి తీగతో కట్టింది. వీటిని కొన్‌ఫెత్తి అంటారు, పెళ్ళిళ్ళకు ఇక్కడి నుంచే వెళ్తాయి. పాపకి మాత్రం గింజ గట్టిది, గొంతులో పడే ప్రమాదం ఉంది, చేతికివ్వొద్దు.

ఇక్కడి నుంచి ఒక పూట స్కాన్నో, దాదాపు 30 కిలోమీటర్లు. సజిత్తారియో లోయ దారి చాలా ఇరుకు, కొన్నిచోట్ల కొండరాయి రోడ్డు మీదికి వంగి ఉంటుంది. మీ వ్యాన్‌కి గుడ్డి మలుపుల్లో హారన్ కొట్టి, ఎదురుగా బస్సు వస్తే వెడల్పున్న చోట ముందే ఆగాలి. స్కాన్నో 1,050 మీటర్ల ఎత్తు, సరస్సు ఊరికి ముందే వస్తుంది. ఊళ్ళో అంతా మెట్లే కాబట్టి అమ్మగారూ నాన్నగారూ సరస్సు ఒడ్డున కూర్చుంటే మీరు పిల్లలతో పైకి వెళ్ళి రండి. స్కాన్నో దాటి గోది కనుమ వైపు మాత్రం వెళ్ళొద్దు, అదే దారిలో వెనక్కి రండి.

ఇంకో రోజు ఎస్ఎస్17 రోడ్డు మీద పోపొలి మలుపులెక్కి నవెల్లి మైదానం, బరిషానో మీదుగా సాంతో స్తెఫానో. లాక్విలా కుంకుమపువ్వు పండేది ఈ నవెల్లి మైదానంలోనే. పూలు అక్టోబర్, నవంబర్‌లో కోస్తారు, మీకు పొలాలు ఖాళీగా కనిపిస్తాయి గానీ సరుకు కొత్తగా ఉంటుంది. సాంతో స్తెఫానో 1,250 మీటర్లు. 2009 ఏప్రిల్ 6 భూకంపంలో కూలిన మెదీచి బురుజుని మళ్ళీ కట్టారు. అక్కడి ముదురు గోధుమరంగు చిన్న మసూర పప్పు, లెంతిక్కియె అంటారు, ఒక కిలో తెచ్చుకోండి, నానబెట్టకుండానే ఉడుకుతుంది. కాంపో ఇంపెరతోరె పీఠభూమి రోడ్డు చలికాలం మూసేస్తారు, మ్యాపులో దగ్గర దారిగా చూపించినా నమ్మొద్దు.

24, 25, 26 రాత్రులు ఆస్కొలి పిచేనో. సుల్మోనా నుంచి ఏ25 మీద పెస్కారా దాకా దిగి, సముద్రం పక్కన ఏ14 మీద ఉత్తరానికి వెళ్ళి, సాన్ బెనెదెత్తో దగ్గర ఆస్కొలి వైపు తిరగండి. ఎత్తు తక్కువ, మంచు భయం తక్కువ. ఊరంతా తెల్లటి త్రవర్తీన్ రాయి. పొపొలో చౌకులో నేల కూడా అదే, వందల ఏళ్ళ నడకకి నునుపెక్కి దీపాల వెలుతురులో అద్దంలా మెరుస్తుంది. ఎంత అందమో తడిస్తే అంత జారుడు, అమ్మగారికి రబ్బరు అడుగున్న బూట్లు ఉండాలి. క్రిస్మస్ మూడు రోజులూ ఒకే చోట, వంటిల్లున్న ఇంట్లో, చదునైన ఊళ్ళో గడపడమే ఈ ప్లాన్‌కి ఆయువుపట్టు.

27, 28, 29 గుబ్బియో. ఆస్కొలి నుంచి మ్యాపు సిబిల్లీని కొండల మీదుగా పొట్టి దారి చూపిస్తుంది. కిలోమీటర్లు తగ్గుతాయి గానీ ఆ కనుమల మీద మంచు తీశారో లేదో ఫోనుకి తెలియదు. ఏ14 మీద అంకోనా ఉత్తరం దాకా వచ్చి ఎస్ఎస్76 పట్టుకోండి. 200 కిలోమీటర్లు దాటుతుంది కానీ చాలావరకు నాలుగు లేన్ల దారే. మధ్యలో జెంగా దగ్గర ఫ్రసాస్సి గుహలు. లోపల ఏడాది పొడవునా 14 డిగ్రీలే కాబట్టి బయటి చలిలోంచి వెళ్తే వెచ్చగా అనిపిస్తుంది. నడక కిలోమీటరున్నర దాకా, మెట్లున్నాయి, తోపుడు బండి పనికిరాదు. గైడ్ వెంట గంటపైన తిరగాలి. అమ్మగారిని ఈ ఒక్కదానికి ఒప్పించవద్దని నా మాట.

గుబ్బియోలో ప్రతి డిసెంబర్ 7 సాయంత్రం ఇంజీనో కొండ వాలు మీద దీపాలతో క్రిస్మస్ చెట్టు వెలిగిస్తారు, సంక్రాంతి రోజుల దాకా ఉంటుంది. ఎత్తు 650 మీటర్లకు పైనే. ఊళ్ళోకి వచ్చాక తల పైకెత్తితే దీపాలే గానీ చెట్టు ఆకారం తెలియదు. మైదానంలోంచి ఊరివైపు వచ్చే రోడ్డు మీద, పొద్దుగూకాక, ఒక పక్కన ఆపి చూడండి. పైచౌకుకి పబ్లిక్ లిఫ్టులున్నాయి. అక్కడి కొన్సొలి భవనంలో ఉంబ్రియన్ భాషలో రాసిన ఏడు కంచు పలకలు చూడండి, ఆ భాషకు మిగిలిన అతి పెద్ద ఆధారం అవే. కొండెక్కే రోప్‌వే మాత్రం ఆగదు, కదులుతున్న పంజరంలోకి అడుగేసి ఎక్కాలి, మోకాళ్ళ నొప్పులకీ పాపకీ వద్దు.

ఇక్కడి నుంచి ఒక పూట ఫాబ్రియానో కాగితం మ్యూజియం. గుజ్జు తొట్టెలో జల్లెడ ముంచి, పైకెత్తి, అటూ ఇటూ ఒక్క కుదుపు కుదిపితే పీచు అల్లుకుంటుంది, దాన్ని ఉన్ని గుడ్డ మీద బోర్లిస్తే కాగితం. వాటర్‌మార్క్ పుట్టిన ఊరిది. బాబుకి ఈ ప్రయాణం మొత్తంలో ఇదే ఎక్కువ నచ్చుతుందని నా అంచనా. ఇంకో పూట స్పెల్లో బదులు బెవాన్యా, చదును.

30 ఒర్వియేతో. ఫోరో బోయారియో దగ్గరి కాంపో దెల్లా ఫియేరా పార్కింగ్‌లో బండి పెట్టి ఎస్కలేటర్లు, లిఫ్టులతో పైకి వెళ్ళొచ్చు. చివ్వితా వదిలేయండి, పొడవాటి నడకవంతెన చివర్లో నిటారుగా ఎక్కాలి. లాక్విలా కావాలంటే సాంతో స్తెఫానో రోజునే రెండు గంటలు కలుపుకోండి.

—

కృష్ణాతీరం:

ఇద్దరికీ చాలా కృతజ్ఞతలు. బసలు తగ్గించేశాను. సెవెన్ సీటర్ రద్దు చేస్తున్నాను. తిండి, ఇంట్లో వేడి గురించి ఎవరైనా చెప్పగలరా? అమ్మ నెయ్యి, పచ్చళ్ళు సర్దుతోంది.

—

పోపులపెట్టె (జవాబు):

నెయ్యి ఆపండి. బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం యూరప్‌లోకి తీసుకురానివ్వరు, సంచిలో దొరికితే తీసి పారేస్తారు. పాలకోవా, మాంసం పచ్చళ్ళు కూడా అంతే. ఆవకాయ, గోంగూర, కందిపొడి, కారప్పొడులకు ఇబ్బంది లేదు. అక్కడ ఉప్పులేని వెన్న, బుర్రో, ఏ కొట్లోనైనా ఉంటుంది, సన్నసెగ మీద పావుగంట కాచి వడగడితే నెయ్యి.

కోనాద్, కోప్ లాంటి సూపర్‌మార్కెట్లలో బాస్మతి బియ్యం, పొట్టు తీసిన ఎర్ర మసూర పప్పు, తియ్యదనం లేని తెల్ల పెరుగు దొరుకుతాయి. కందిపప్పు, చింతపండు, ఇంగువ, ఎండబెట్టిన కరివేపాకు మీరే తెచ్చుకోవాలి. 24 మధ్యాహ్నం తర్వాత కొట్లు మూసేస్తారు, 25, 26 రెండూ సెలవులే. కాబట్టి ఆస్కొలి చేరగానే ముందు సూపర్‌మార్కెట్‌కి, తర్వాతే ఇంటికి. రెండున్నర రోజులకి ఆరుగురికి పాలు 5 లీటర్లు, పెరుగు 3 కిలోలు, బియ్యం 3 కిలోలు లెక్క వేసుకోండి.

హోటళ్ళలో మధ్యాహ్నం వంట పన్నెండున్నర నుంచి రెండున్నర, రాత్రి ఏడున్నర తర్వాత. మధ్యలో పిల్లలకి ఆకలైతే బార్‌లో (అక్కడ కాఫీ కొట్టునే అలా అంటారు) రొట్టె, పాలు తప్ప ఏమీ ఉండదు, బండిలో ఏదో ఒకటి ఉంచండి. తలకి ఇంతని కొపెర్తో పేరుతో బిల్లులో కలుపుతారు, అది మోసం కాదు.

శాకాహారం అని చెబితే కనిపించే మాంసం తీసేస్తారు, ఉడికించిన మాంసం నీళ్ళు లెక్కలోకి రావు. అందుకే రెండు ప్రశ్నలు వేయండి: "చె కార్నె?" అంటే మాంసం ఉందా, "చె బ్రోదో ది కార్నె?" అంటే మాంసం ఉడికించిన నీళ్ళున్నాయా. గుడ్డుకి "సెంత్సా వొవా". మీవాళ్ళకి అసలు చిక్కు గుడ్డే. చేత్తో చేసిన తాజా పాస్తాలో చాలావాటిలో గుడ్డు ఉంటుంది. ఎండు స్పగెత్తి, పెన్నె గోధుమరవ్వ, నీళ్ళతోనే చేస్తారు. ఆల్యో ఒలియో పెపెరొంచీనో అడగండి, వెల్లుల్లి, నూనె, ఎండుమిర్చి, అంతే. అరబ్బియాత టమాటా కారం. రెండూ మన నాలుకకి సరిపోతాయి. ఉంబ్రియాలో తొర్తా అల్ తెస్తో అనే పెనం రొట్టె దొరుకుతుంది, ఆకుకూర పెట్టినది అడగండి, పిండిలో పందికొవ్వు కలపలేదని, అంటే "సెంత్సా స్త్రుత్తో" అని, నిర్ధారించుకోండి. పప్పు సూపుల్లో పంది ముక్కలు వేయడం మామూలు. ఆస్కొలి పేరుతో ప్రసిద్ధమైన వేయించిన ఆలివ్‌లు లోపల మాంసంతో నింపుతారు, గింజ తీసిన ఉత్త ఆలివ్ అనుకుని తినేస్తారు జాగ్రత్త. పర్మెజాన్ చీజు దూడ పొట్ట రెన్నెట్‌తో చేస్తారు, అమ్మానాన్నలకు అభ్యంతరమైతే "సెంత్సా ఫొర్మాజ్జో" అనండి.

ఇల్లు అద్దెకి తీసుకునేటప్పుడు వేడి ఖర్చు, రిస్కల్దమెంతో, అద్దెలో కలిసి ఉందా అని రాతపూర్వకంగా అడగండి. రాతిగోడల ఇల్లు కొన్ని రోజులు ఖాళీగా ఉంటే వెచ్చబడడానికి ఒక పూటంతా పడుతుంది, ముందు రోజే వేడి ఆన్ చేయించమని చెప్పాలి. మామూలుగా ఇటలీ ఇళ్ళకి కరెంటు కనెక్షన్ 3 కిలోవాట్లే. ఓవెన్, నీళ్ళ కెటిల్, గది హీటర్ ఒకేసారి వేస్తే మీటర్ ట్రిప్ అయి కరెంటు పోతుంది. రైస్ కుక్కర్ పెట్టినప్పుడు కెటిల్ ఆపండి. మన లావు మూడు పిన్నుల ప్లగ్గు అక్కడ పట్టదు, అడాప్టర్ కావాలి.

—

పసుపుగీత (జవాబు):

జరిమానాల గురించి ఎవరూ రాయలేదు. ఇంటికొచ్చాక నెలల తర్వాత అందే నోటీసుల్లో ఎక్కువ భాగం జెడ్‌టీఎల్‌వే, అంటే పాత ఊళ్ళోకి బయటి బండ్లు రాకూడని ప్రాంతం. ఎర్ర వలయం ఉన్న తెల్ల గుండ్రటి బోర్డు, పక్కన కెమెరా. వెలిగే బోర్డు మీద "వార్కో అత్తీవో" అంటే నిషేధం అమల్లో ఉందని అర్థం, "ద్వారం తెరిచి ఉంది" అని కాదు. "నాన్ అత్తీవో" అంటేనే వెళ్ళొచ్చు. దాటిన ప్రతిసారీ ఒక జరిమానా. అద్దె కంపెనీ మీ వివరాలిచ్చినందుకు తన రుసుము విడిగా లాగుతుంది. బస లోపల ఉంటే బండి నంబరు ముందే పంపి మున్సిపాలిటీలో నమోదు చేయించమనండి. నోటీసు వచ్చాక 5 రోజుల్లో కడితే 30 శాతం తగ్గుతుంది.

పార్కింగ్: తెల్ల గీత ఉచితం, నీలం గీతకి డబ్బు, పసుపు గీత మనది కాదు. తెల్ల గీత దగ్గర గంటల పరిమితి బోర్డుంటే, వచ్చిన సమయం చూపించే గుండ్రటి అట్టను అద్దం దగ్గర పెట్టాలి.

టోల్: పసుపు రంగు తెలెపాస్ (మన ఫాస్టాగ్ లాంటిది) లేన్‌లోకి వెళ్ళొద్దు. పొరపాటున వెళ్తే రివర్స్ చేయకండి, అది ప్రమాదం, పైగా చాలా పెద్ద నేరం. బటన్ నొక్కితే చీటీ వస్తుంది, 15 రోజుల్లో కట్టేయొచ్చు. ఎక్కేటప్పుడు తీసుకున్న టికెట్టు పోగొడితే అత్యంత దూరపు టోల్ వేస్తారు, ఒకరి బాధ్యతగా పెట్టండి.

డీజిల్‌ని అక్కడ గజోలియో అంటారు. బెంజీనా అంటే పెట్రోల్. "సర్వీతో" పంపులో మనిషి పోస్తాడు, లీటరుకి ఎక్కువ. "సెల్ఫ్"లో మీరే పోసుకోవాలి. మనిషి లేని మెషిన్‌లో నోటు పెడితే చిల్లర రాదు, కార్డు పెడితే 100 యూరోల దాకా బ్లాక్ చేసి తర్వాత వదులుతుంది. ఆదివారాలు చిన్న ఊళ్ళలో మెషిన్లే దిక్కు. కొండెక్కే ముందు ట్యాంకు సగానికి తగ్గనివ్వొద్దు.

హైవే వేగం 130, వాన పడుతుంటే 110. ఊరి బయట పగలైనా హెడ్‌లైట్లు వేసి ఉంచాలి. ఎమర్జెన్సీకి 112.

—

ఘాట్‌రోడ్:

ఇంకొకటి చేర్చాలి: రాత్రి చలి సున్నా కిందికి వెళ్ళే ఊళ్ళో వ్యాన్‌ని చదునైన చోట గేరులో ఆపి, హ్యాండ్‌బ్రేక్ వదిలేయండి, తడి బ్రేకు గడ్డకట్టి పట్టేస్తుంది. ఆటోమేటిక్ అయితే పార్క్‌లో. వాలులో అయితే హ్యాండ్‌బ్రేక్ వేసి, బండి ముఖం కిందికి ఉంటే చక్రాన్ని ఫుట్‌పాత్ వైపు, పైకి ఉంటే రోడ్డు వైపు తిప్పి ఆపండి. వైపర్లు పైకెత్తి ఉంచితే పొద్దున అద్దానికి అతుక్కోవు.